మూసుకునే దారి

ఇస్నాపూర్,
12-1-1996

తమ్ముడు విఠల్‌కు,

అక్క కౌసల్య దీవించి రాసేది. హాస్టల్లో పప్పు నీళ్ల తీరు ఉంటదని రాసినవు. ముక్కు మూసుకొని తిను. నేను పంపిన చుడువా నీ నోటికి రాకముందే నీ దోస్తులు ఊడ్చేసి ఉంటరు, అది కూడా నాకు తెలుసు. మన వంశంలో డాక్టర్ చదువుకు పోయిన మొదటోడివి, వరంగల్ చలికి జెర చెవులకు గుడ్డ కట్టుకో.

ఇప్పుడు అసలు మాట. చదివి నీ దగ్గరే పెట్టుకో. నాకు నాలుగో నెల. నీ బావకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె సంతోషపడితే నాకు భయమైతది.

మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోవుడు మానేసిన. బావ మాత్రం షిఫ్టులకు పోతున్నడు. సాయంత్రమైతే కంపెనీల వాసన కిటికీ సందుల నుంచి వస్తది, తడిగుడ్డ కుక్కి కూర్చుంట. కూర్చుంటే మూడేండ్ల కింద పోయిన బాబే యాదికొస్తడు.

నువ్వు వాణ్ని చూడనే లేదు. నీకు ఇంటర్ పరీక్షలుండె. నాయిన పోయిన ఏడాదే కాబట్టి పుట్టింట్లో పురుడు వద్దన్నరు, అందుకే ఇంద్రేశంలో అత్తగారింట్లో అయింది. ఎర్రగా, ఊరంతా వినబడేటట్టు ఏడుస్తూ పుట్టిండు. మూడు రోజులు పాలు తాగిండు. నాలుగో రోజు పొద్దున చూస్తే గోర్లు నీలం, పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టు. మా అత్త మల్లవ్వ ‘గాలి సోకింది’ అన్నది. పసుపుకొమ్ము కాల్చి వాని కడుపు మీద సురుకులు పెట్టింది. నేను వద్దని మొత్తుకుంటుంటే ఇద్దరు ఆడోళ్లు నన్ను పట్టుకున్నరు. పగటీలికి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, పోయిండు.

ఆ రోజు నుంచి ఆమెను నా గడప తొక్కనియ్యలేదు. ఇంద్రేశంలో ఒక్కతే ఉంటది. బావ నాకు చెప్పకుండ పోయి చూసి వస్తడు. ఆయన చెప్పుల మీది దుమ్మును చూస్తే నాకు తెల్వదా!

నువ్వు మనిషి లోపల ఏముంటదో చదువుతున్నవు కదా. నా కొడుకు ఎందుకు పోయిండు? సురుకులకే పోయిండా? ఈ బిడ్డకు కూడా నాలుగో రోజు అట్లనే వస్తదా? అడగటానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నరు?

నీ అక్క
కౌసల్య


వరంగల్,
23-1-1996

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని రెండు రోజులు తిరిగిన. చిత్రమేమంటే, సరిగ్గా మాకు ఇప్పుడు అదే పాఠం నడుస్తున్నది: కడుపులో బిడ్డకు రక్తనాళాలు ఎట్లా ఏర్పడతాయి అని. క్లాసులో మా సార్ చాక్‌పీసుతో గీస్తుంటే నాకు నువ్వే కనిపించినవు.

మొదలు నుంచి చెప్త, విను. బిడ్డ ఇంకా నువ్వుగింజంత ఉన్నప్పుడే, మూడో వారంలోనే రక్తం మొదలైతది. అప్పటికి గుండె కూడా లేదు. బిడ్డకు అంటుకొని ఒక చిన్న సంచి ఉంటది, దాని గోడలో కణాలు గుంపులు గుంపులుగా చేరుతయి. మా పుస్తకంలో వాటిని రక్తపు దీవులు అంటరు. తొలకరి వానకు మన చెల్కలో అక్కడొక మడుగు ఇక్కడొక మడుగు నిలిచి, ఒకటి పొంగి ఇంకొకదాన్ని కలుసుకొని కాలువ అయితది చూడు, అట్లనే ఆ దీవులు కలిసి నాళాలు అయితయి. బిడ్డ ఒంట్లో కూడా అదే తీరు. అట్లాంటి నాళాలే రెండు దగ్గరికొచ్చి, ఒకటై, కొట్టుకోవడం మొదలుపెడితే అదే గుండె. నేను ఇన్నాళ్లు గుండె నుంచి నాళాలు పుడతయనుకున్న. కాదు, నాళాల నుంచే గుండె పుడుతది.

తర్వాత మెడ దగ్గర జతలు జతలుగా నాళాలు వస్తయి. కొన్ని ఉంటయి, కొన్ని అవే కరిగిపోతయి. వాటిలో ఒకటి మన పనికొచ్చేది. కడుపులో బిడ్డ ఊపిరి తీసుకోదు, నీ ఊపిరే బొడ్డుపేగు నుంచి దానికి అందుతది. అందుకని ఊపిరితిత్తులకు పోయే రక్తాన్ని పక్కకు మళ్లించి ఒంటికి పంపేందుకు ఒక అడ్డదారి ఉంటది. పుట్టి, మొదటిసారి ఏడ్చి, ఊపిరితిత్తులు విప్పుకున్నంక ఆ అడ్డదారితో పని లేదు. రెండు మూడు రోజుల్లో అదే మూసుకుంటది.

నా లెక్క ప్రకారం మన బాబుకు ఆ దారి మూసుకోలేదు. మంచి రక్తం, చెడ్డ రక్తం కలిసిపోయి నీలమైండు. అంతే, ఇంకేం లేదు. ఈసారి అది మూసుకోవాలె, అదే మనం కోరుకోవాలె. ఒకసారి అయినదే మళ్లీ అయితదని రూలేం లేదు. నువ్వు ధైర్యంగా ఉండు. చుడువా మళ్లీ పంపు, ఈసారి పెట్టెకు తాళం వేసిన.

నీ తమ్ముడు
విఠల్


కొండాపూర్ మండలం, మన ఊరు,
8-4-1996

తమ్ముడు విఠల్‌కు,

అక్క దీవెనలు. అమ్మ కూడా నీకు దీవెనలు మరీమరీ చెప్పమన్నది. నేను ఊరికి వచ్చిన, ఏడో నెల. నీ ఉత్తరం నలిగి చినిగిపోయేదాక చదివిన. మూడేండ్ల తర్వాత నాకు మొన్న మొదటిసారి ఆకలైంది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టుకొని కడుపునిండ తిన్న.

అమ్మకు అంతా చదివి వినిపించిన. దీవుల సంగతి ఆమెకు సమజ్ కాలేదు గానీ దారి సంగతి బాగా పట్టుకున్నది. ‘గింతేనా! దారి మూసుకోవాలె, గంతేనా!’ అన్నది. మంగళవారం తలస్నానం చేసి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల, పోకవక్క పెట్టి, ‘ఎల్లమ్మ తల్లీ, నా మనుమనికి ఆ దారి మూసెయ్యి’ అని ముడుపు కట్టింది. మన నడింట్లో దూలానికి కట్టింది. మొక్కు ఇట్లున్నది: ఆ దూలం కిందనే పురుడు కావాలె. ముడుపు ఉన్నన్ని రోజులు నేను గడప దాటి పరాయి చోట కనొద్దు. తొమ్మిదో రోజు బిడ్డను ఎత్తుకొని పోయి తల్లి ముందట విప్పాలె. మంత్రసాని సోమమ్మకు కూడా చెప్పి పెట్టింది. దూలం వైపు చూసుకుంటనే నిద్రపోతున్న.

ఒక్కటే కాలిలో ముల్లు తీరు గుచ్చుతున్నది. మూడో వారంలోనే మొదలైతదని రాసినవు. అప్పటికి నెల తప్పిన సంగతి కూడా నాకు తెల్వదు, ఇంకా పనికి పోతున్న. ఆ వాసన పీల్చి నేనే ఏమన్న చేసిన్నా? బాబప్పుడు కూడా అక్కడనే పని. రాయి.

అత్త పేరు ఎత్తవద్దని బావకు చెప్పిన. ఆమె మా పురిటికి రావద్దు.

నీ అక్క
కౌసల్య


వరంగల్,
6-5-1996

అక్కా,

ఈ ఉత్తరం కూర్చొని చదువు. అమ్మ పక్కన ఉంటే ఇంకా మంచిది.

నేను తప్పు చెప్పిన. సగం పాఠం చదివి మొత్తం తెలిసినట్టు రాసిన. మొన్న పిల్లల వార్డు మేడం దగ్గరికి పోయి బాబు సంగతంతా చెప్పిన. ఎర్రగా పుట్టడం, మూడు రోజులు పాలు తాగడం, నాలుగో రోజు నీలమవడం. ఆమె మాట మధ్యలోనే ఆపి, ‘ఆ నాళం మూసుకోకపోతే బిడ్డ అట్లా పోడు. ఆయాసపడతడు, బరువు పెరగడు, అది నెలల మీద తెలుస్తది. మీ వాడికి అది మూసుకున్నందుకే పోయిండు’ అన్నది.

ఎట్లనో చెప్త. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోవాల్సిన పెద్ద దారి కొందరు పిల్లలకు మొదలే పూడిపోయి ఉంటది. కడుపులో ఉన్నన్ని రోజులు దానితో పని లేదు కాబట్టి బిడ్డ బాగుంటది. పుట్టినంక కూడా ఆ అడ్డదారి తెరిచి ఉన్నన్ని రోజులు రక్తం అటు నుంచి ఊపిరితిత్తులకు పోతది. బిడ్డ ఎర్రగా ఉంటది, పాలు తాగుతది. ఎప్పుడైతే అది మూసుకున్నదో, ఇక దారే లేదు. అక్కా, ఆ నాళం అందరు పిల్లలకు మూసుకున్నట్టే వానికి కూడా మూసుకున్నది. దాని పని అది సరిగ్గా చేసింది. దానికే వాడు పోయిండు.

సురుకులకు కాదు. సురుకులు పెట్టే వేళకే వాడు పోతున్నడు.

నువ్వు రాసిన కంపెనీ వాసన సంగతి కూడా మేడంను అడిగిన. ఎందుకు పూడుతదో ఎవరికీ పక్కాగా తెలియదన్నది. నేనేదో తెలిసినట్టు మూడో వారం అని రాసి నీ నెత్తిన మోపు పెట్టిన. దించెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఊళ్లో కనొద్దు. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో కనాలె. పుట్టిన బిడ్డ గుండెను మిషన్ మీద చూస్తరు. బాగుంటే రెండో రోజే ఇంటికి రావచ్చు. బాగలేకపోతే ఆ దారి మూసుకోకుండ పట్టి ఉంచే మందు ఉన్నదట, సెలైన్ తీరు ఎక్కిస్తరు, ఆ తర్వాత ఆపరేషన్. సోమమ్మ చేతిలో ఆ మందు లేదు. అమ్మకు చెప్పి ముడుపు దించెయ్యమను. నీ కాళ్లు మొక్కుత.

విఠల్


మన ఊరు,
20-5-1996

విఠల్‌కు,

నువ్వు జనవరిలో మూసుకోవాలంటివి. మేలో మూసుకోవద్దంటున్నవు. నేనేమన్న నీ కాలేజీలో కోసే కప్పనా?

అమ్మకు చదివి వినిపించిన. ఆమె పొద్దంతా తిండి ముట్టలేదు. ఆఖరికి, ‘కట్టిన ముడుపు కోరిక తీరకముందు ఇప్పితే తల్లి ఊకుంటదా? ఒకటి పోయింది, రెండోదాన్ని నా చేతుల్తోటి ఎట్ల ఇస్త?’ అని ఏడ్చింది. నాకు కూడా భయమే. దాన్ని ముట్టే ధైర్యం నాకు లేదు. నువ్వు చెప్పేది నిజమైతే ఇన్ని రోజులు నేను నా బిడ్డ చావుకు మొక్కుకున్న. అబద్ధమైతే, ఇప్పుడు విప్పి చంపుకుంట. నేను ఏమని మొక్కాలె? మూసుకోవాలనా, తెరిచి ఉండాలనా? చెప్పు, పెద్ద డాక్టరువు కదా.

ఇంకొకటి. బావ అంగి ఉతుకుతుంటే జేబులో వరంగల్ బస్సు టికెట్ దొరికింది. నీ దగ్గరికి వచ్చిండన్నమాట. ఆ సంగతి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. తల్లిని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవాలని ఆయనకు మూడేండ్ల సంది ఉన్నది. ఆయన వచ్చి చెప్పిండు, నువ్వు సురుకులకు కాదని రాసినవు. మా అత్తను కడిగి ముత్యం చేయడానికి నా కడుపులో బిడ్డను అడ్డం పెట్టుకున్నరు ఇద్దరూ. నా ముందట వాని కడుపు కాలింది విఠల్. ఆ వాసన నా ముక్కులో ఉన్నది, ఏ కంపెనీ వాసన దాన్ని కప్పలేదు.

నువ్వు రావద్దు. వస్తే మాట్లాడ.

కౌసల్య


వరంగల్,
29-5-1996

అక్కా,

నువ్వు రావద్దన్నా వచ్చేటోణ్నే. కామెర్లయి మంచం మీద ఉన్న. కామెర్లోణ్ని అమ్మ పురిటింటి వాకిట్లోకి కూడా రానియ్యదు. మన ఊరికి ఫోన్ చేద్దామంటే సర్పంచ్ ఇంట్ల ఫోన్ వానకు చచ్చిందట. ఈ ఇన్‌లాండ్ కవర్ తప్ప నాకు దిక్కు లేదు.

బావ వచ్చింది నిజం. నీకు చెప్పొద్దన్నడు, చెప్పలేదు, అదే నా బుద్ధి తక్కువ. హాస్టల్ ముందట వేపచెట్టు కింద నిలబడి అడిగింది ఒక్కటే: ‘బామ్మర్దీ, నిజం చెప్పు. మా అమ్మనే చంపిందా?’ నేను తల ఊపలేదు, కాదనలేదు. ఆయన ఛాయ్ కూడా తాగకుండ బస్సెక్కిండు. ఆ మొహం చూసినంక నాకు అన్నం సహించక మేడం దగ్గరికి పోయిన. నేను రాసింది మేడం చెప్పింది. బావకు అప్పటికి ఏమీ తెలియదు.

ఏమని మొక్కాలె అని అడిగినవు. నాకు తెలియదు అక్కా. బిడ్డ బాగుంటే ఆ దారి మూసుకోవాలె. బాగలేకపోతే మూసుకోవద్దు. పుట్టి, మిషన్ మీద చూసేదాక ఏదో ఎవరికీ తెలియదు. అందుకే ఏదీ మొక్కకు. నేను చెప్పింది తప్పు కావాలని మొక్కు. నన్ను ఊరంతా ఇంకో పదేండ్లు ఎగతాళి చేసినా పర్వాలేదు.

బావకు కూడా రాసిన. నొప్పులు మొదలుకాంగనే బండి తెమ్మన్న. గడప దాటు అక్కా. ఒక్క గడప.

విఠల్


పెద్దాసుపత్రి, హైదరాబాద్,
29-6-1996

తమ్ముడు విఠల్‌కు,

అక్క దీవెనలు. మందు సరిగ్గా తాగుతున్నవా? కామెర్లకు నూనె ముట్టకు.

నీకు మేనకోడలు పుట్టింది. ఏడు రోజులైంది. నువ్వు చెప్పింది తప్పు కాలేదు.

వరుసగా చెప్త, లేకుంటే నాకే గజిబిజి అయితది. పొద్దున నొప్పులు మొదలైనయి. బావ ఎవరో పెద్దరాములు అనేటాయన జీపు కిరాయికి తీసుకొని పక్క ఊళ్లోనే ఉన్నడట, రెండు రోజుల నుంచి అందులోనే పండుకుంటున్నడట. కబురు అందంగనే వచ్చి వాకిట్ల నిలబడ్డడు. అమ్మ దూలం కింద రెండు చేతులు చాపి అడ్డం నిలబడ్డది. ‘ముడుపు ఉండంగ గడప దాటితే పిల్ల దక్కదు’ అని ఒకటే ఏడుపు. బావ పీట మీదికి ఎక్కబోతే ఆయన కాళ్లు పట్టుకున్నది. ఆయన చెయ్యి కూడా ఆగిపోయింది విఠల్. అందరం భయపడ్డం. నిజం చెప్తున్న, నేను దాటేదాన్ని కాదు. నొప్పి వచ్చి గోడకు ఒరిగి, సోమమ్మను పిలవమన్న.

అప్పుడు జీపులో నుంచి మా అత్త దిగింది.

గడప బయట ఆగి, ‘లోపలికి రావచ్చునా బిడ్డా?’ అని అడిగింది. మూడేండ్లలో ఎంత ముసలిదైందో. నేను గోడ దిక్కు తిరిగిన. వచ్చింది. బావను పక్కకు జరిపి, తనే పీట ఎక్కి, దూలం పట్టుకొని ముడుపు విప్పింది. అమ్మ చెవులు మూసుకున్నది. మా అత్త అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్న: ‘వదినా, ఎల్లమ్మ అడిగితే మల్లవ్వ ఇప్పిందని చెప్పు. నా నెత్తి మీద ఒక పసిగుడ్డు ఉసురు ఉండనే ఉన్నది. ఇంకోటి పెడితే బరువైతదా?’

నేను గడప దాటిన.

ఇక్కడికి వచ్చినంక సాయంత్రం లోపలే పుట్టింది. ఎర్రగా, వాని లెక్కనే గట్టిగ ఏడ్చింది. అందరూ నవ్వుతుంటే నేను గోర్లు చూస్తూ కూర్చున్న. రెండో రోజు మిషన్ మీద చూసిన్రు. ఊపిరితిత్తులకు పోయే పెద్ద దారి పూడి ఉన్నదన్నరు. అడ్డదారి అప్పుడే సన్నబడుతున్నదట. మందు ఎక్కించిన్రు. నాలుగో రోజు, అదే నాలుగో రోజు, ఆపరేషన్‌కు తీసుకపోయిన్రు. ఆ తలుపు ముందట నేను ఏం మొక్కలేదు. నువ్వు చెప్పినవని కాదు. తలుపు మేకులు లెక్కపెట్టుకుంట కూర్చున్న.

చేతికి పోయే నాళం నుంచి ఊపిరితిత్తులకు గడ్డిపోచంత గొట్టం వేసిన్రట. దేవుడు మరిచిపోయిన దారిని మనుషులు కుట్టిన్రు. అయిపోలేదు, పెద్దగైతే ఇంకో ఆపరేషన్ చెయ్యాలన్నరు. గొట్టం పూడకుండ రోజూ మందు పొయ్యాలె. ఉంటదో ఉండదో ఇప్పుడే చెప్పలేమన్నరు. నేను ఇప్పుడు కూడా భయపడుతనే ఉన్న. ఇక జీవితమంతా గోర్లు చూసుడే నా పని అనిపిస్తున్నది.

మా అత్త వారం నుంచి వరండాలోనే ఉన్నది. చేతులు కొంగు కింద దాచుకొని కూర్చుంటది. లోపలికి ఇద్దరినే రానిస్తరు, రమ్మని ఎవరూ అనలేదు, తను అడగలేదు. ఇవాళ పొద్దున నేనే పోయి పక్కన కూర్చున్న. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పిన. బాబు సురుకులకు పోలేదు అత్తమ్మా, ఆ దారి మూసుకొని పోయిండు, ఇక్కడి డాక్టర్లు కూడా అదే అన్నరు అని. ఆమెకు బరువు దిగుతదనుకున్న. నిమ్మళంగా ఏడుస్తదనుకున్న.

చేతులు కొంగు కింద ఇంకా లోపలికి గుంజుకున్నది. ‘అయితే పొయ్యెటోణ్ని ఊకెనే కాల్చితినా బిడ్డా?’ అన్నది.

తమ్ముడూ, దీనికి జవాబు నీ పుస్తకంలో కూడా ఉండదు. మూడేండ్లు నేను ఆమెను ఉరి తీయాలని కోరుకున్న. ఆ మాట విన్నంక ఇంకా ఏం తీయాలె?

బావను బయట కూర్చోమని అత్తమ్మ చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకపోయిన. పిల్లకు ఒంటి నిండ గొట్టాలు, ఎత్తుకోనియ్యరు. ఆమె దూరంగా నిలబడ్డది, చేతులు బయటికి తియ్యలేదు. నేనే కొంగు కింద నుంచి ఒక చెయ్యి లాగి, పిల్ల అరచేతిలో ఆమె వేలు పెట్టిన. పిల్ల పట్టుకున్నది. ‘గోర్లు చూడు అత్తమ్మా, నాకు ఒక్కదానికి చూసి చూసి కండ్లు పోతున్నయి’ అన్న. వంగి చూసింది. గులాబి రంగే ఉన్నయన్నది. అప్పటి నుంచి ఇద్దరం వంతులేసుకొని చూస్తున్నం.

ముడుపులో నుంచి విప్పిన రూపాయి బిళ్ల ఆమె నడుము కొంగు ముడిలోనే ఉన్నది. మళ్లీ కట్టొచ్చునా, కడితే ఈసారి ఏమని కట్టాలె అని నిన్నే అడగమన్నది. కామెర్లు తగ్గినంక నువ్వే వచ్చి చెప్పు. వచ్చేముందు మాత్రం పాఠం చివరిదాక చదువు.

నీ అక్క
కౌసల్య